చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎలా: వైకల్యం ఉన్న, ఎదిగిన పిల్లలకి ఇంటి పని, బజారు పని నేర్పే పద్ధతి

ముందు ఒక పెన్ను, పాత క్యాలెండరు కాగితం తీసుకుని మూడు రోజులు ఊరికే చూడండి. నేర్పొద్దు, దిద్దొద్దు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మీవాడు తనంతట తాను చేసేవి, ఎవరో చెబితే చేసేవి, ఇంట్లోవాళ్ళు చేసిపెట్టేసేవి మూడు వరసలుగా రాయండి. మీవాడు అని రాస్తున్నాం గానీ అమ్మాయైనా, తమ్ముడైనా, చిన్నాన్నగారి అబ్బాయైనా పద్ధతి ఒకటే. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, ఏదైనా సరే, పద్దెనిమిది దాటినవాళ్ళ గురించి ఇది.

మూడో వరస పొడుగ్గా వస్తుంది. అందులో సగం వాడికి చేతకాక కాదు, మీకు ఆగే టైం లేక. అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నంత కాలం ఒలవడం ఎవరికీ రాదు.

ఆ వరసలోంచి ఒక్కటంటే ఒక్క పని ఎంచుకోండి. అది రోజూ కనీసం ఒకసారి తప్పకుండా వచ్చే పని అయి ఉండాలి. వారానికోసారి వచ్చేదైతే రెండోసారి వచ్చేసరికి మొదటిది మరిచిపోతాడు. పని చివర వాడికి ఏదో ఒకటి దక్కాలి కూడా. టీ అంటే ప్రాణమైతే టీ, వేడన్నం ఇష్టమైతే అన్నం. పాతికేళ్ళ మనిషిని కూర్చోబెట్టి ఇంకా పలక మీద అ ఆలు దిద్దించడం మా దృష్టిలో దండగ. పదిహేనేళ్ళు దిద్దినా రానిదాని మీద పెట్టే గంట స్నానం మీద పెడితే ఫలితం కనబడుతుంది. చదువే కావాలంటే మూడు మాటలు చూసి గుర్తుపట్టడం నేర్పండి: తన పేరు, తన ఊరి పేరు, మరుగుదొడ్డి మీద రాసే 'పురుషులు' లేదా 'స్త్రీలు'.

పనిని మెట్లుగా విడగొట్టడం

ఇక్కడ కరెంటు కుక్కర్లో అన్నం వండటం తీసుకుందాం. గ్యాసు కన్నా ఇది మేలు. మంట ఉండదు, అన్నం ఉడికాక మీట దానంతటదే లేస్తుంది, ఉడికిందా లేదా అని వాడు అంచనా కట్టక్కర్లేదు.

మెట్లు మనసులో ఊహించి రాయకండి. ఒకసారి మీరు వండుతూ, చెయ్యి కదిలిన ప్రతిసారీ ఆగి రాయండి. ఇలా వస్తుంది:

1. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవడం.
2. కుక్కర్లోంచి గిన్నె బయటికి తీసి గట్టు మీద పెట్టడం.
3. డబ్బాలోంచి ఒక గ్లాసు బియ్యం నిండా తీసి, పైన వేలితో సమం చేయడం.
4. గిన్నెలో పోసి, డబ్బా మూత పెట్టేయడం.
5. నీళ్ళు పోసి చేత్తో కలిపి కడుగు వంపేయడం, రెండుసార్లు.
6. అదే గ్లాసుతో రెండు గ్లాసుల నీళ్ళు పోయడం.
7. గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడవడం.
8. గిన్నె కుక్కర్లో దించి, అటూ ఇటూ కొంచెం తిప్పి కూర్చోబెట్టడం.
9. మూత పెట్టడం.
10. చేతులు మళ్ళీ తుడుచుకుని ప్లగ్గు పెట్టడం.
11. గోడ స్విచ్చి వేయడం.
12. కుక్కరు మీట కిందికి నొక్కడం.
13. మీట టక్కున లేచాక పది నిమిషాలు ఆగడం.
14. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, మూత తీయడం.

రాశాక కాగితం పక్కింటావిడ చేతికిచ్చి, రాసింది మాత్రమే చెయ్యమనండి. ఆవిడ ఎక్కడ ఆగి మీ మొహం చూస్తే అక్కడ ఒక మెట్టు తప్పిపోయినట్టు.

ఎక్కువ తప్పులు జరిగేది మూడు చోట్ల. మొదటిది 12వ మెట్టు. స్విచ్చి వేయగానే కుక్కరు మీద ఒక లైటు వెలుగుతుంది, పని అయిపోయిందనుకుని వెళ్ళిపోతాడు. ఆ లైటు వేడిగా ఉంచేదే తప్ప ఉడికించేది కాదు. గంట తరవాత చూస్తే నానిన బియ్యం ఉంటాయి. మీట మీద ఎర్ర స్టిక్కరు అంటించి, 'ఎర్రది కిందికి' అనే మాటతోనే నేర్పండి. రెండోది 7వ మెట్టు. అడుగున తడి ఉంటే కుక్కరు లోపలి వేడి పళ్ళెం మీద చిటపటమంటుంది, ఆ చప్పుడుకి ఆటిజం ఉన్నవాళ్ళు కొందరు బెదిరి మళ్ళీ కుక్కరు దగ్గరికి రారు. పొడిగుడ్డని కుక్కరు పిడికే కట్టి ఉంచితే మరిచిపోవడం తగ్గుతుంది.

మూడోది నీళ్ళ కొలత. లెక్క రానివాళ్ళకి రెండు సీసా మూతలు గట్టు మీద ఎడమ పక్కన పెట్టండి. ఒక గ్లాసు నీళ్ళు పోస్తే ఒక మూత కుడి పక్కకి జరపాలి. ఎడమ పక్క ఖాళీ అయితే నీళ్ళు చాలు. రెండు అంటే ఏమిటో తెలియకపోయినా అన్నం కుదురుతుంది. ఇంతవరకూ బాగానే ఉంటుంది గానీ, సార్వా (ఖరీఫ్) కోతలయ్యి సంక్రాంతికి కొత్త బియ్యం ఇంటికొచ్చాయంటే అదే కొలతకి అన్నం ముద్దవుతుంది. కొత్త బియ్యానికి గ్లాసున్నర నీళ్ళు చాలు. అయితే 'ఒకటిన్నర' అని మళ్ళీ నేర్పబోకండి. రెండుసార్లు పోస్తే సరిగ్గా గ్లాసున్నర అయ్యే చిన్న గ్లాసు వెతికి, దానికి రంగు దారం కట్టి కొత్త బియ్యం డబ్బాలో పెట్టండి. రెండు మూతలూ అలాగే ఉంటాయి, మారేది నీళ్ళ గ్లాసొక్కటే. దాళ్వా (రబీ) కొత్త బియ్యానికీ ఇదే సంగతి. ఏ పనిలోనైనా వస్తువు మార్చడం తేలిక, అలవాటు మార్చడం కష్టం.

చివరి మెట్టు నుంచి మొదలుపెట్టడం

మొదటి రోజు 1 నుంచి 13 దాకా మీరే చేయండి, వాడు పక్కన నిలబడతాడు. స్విచ్చి ఆపి మూత తీయడం మాత్రం వాడిది. ఆవిరి మొహానికి కొట్టకుండా మూత అవతలి వైపు ముందు లేచేలా తీయడం ఆ రోజే చూపించండి. తీయగానే కంచంలో అన్నం పెట్టుకుంటాడు, అంటే పని ముగింపు వాడి చేతి మీదుగా జరిగింది. ఆ మెట్టు వరసగా మూడు రోజులు ఎవరి సాయం లేకుండా చేస్తే వెనకున్న 13వది కలపండి. అది వస్తే 12. ఇలా వెనక నుంచి ముందుకి వస్తారు. మొదటి మెట్టు నుంచి నేర్పితే ఐదో మెట్టు దగ్గర విసిగి వెళ్ళిపోయేవాళ్ళు ఇలా నేర్పితే నిలబడతారు.

సగం మెట్లు ముందే వచ్చినవాళ్ళకి ఈ పద్ధతి అక్కర్లేదు. వాళ్ళతో మొత్తం పని రోజూ చేయించి, రానిచోట మాత్రం సాయం చేయండి.

సాయం ఇచ్చే వరస, తీసేసే వరస

సాయం నాలుగు రకాలు: చెయ్యి పట్టి చేయించడం, చేసి చూపించడం, వేలితో చూపించడం, నోటితో చెప్పడం. కొత్తగా నేర్చుకునేవాడికి చేతితో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి.

మీట నొక్కడం తీసుకోండి. వాడికి ఎదురుగా కాదు, వెనక నిలబడండి. ఎదురుగా ఉంటే కుడి ఎడమవుతుంది. 'చెయ్యి పట్టుకోనా?' అని అడిగి, వాడి చేతి మీద మీ చెయ్యి వేసి, వాడి చూపుడు వేలితోనే మీట నొక్కించండి. రెండు మూడు రోజులయ్యాక పట్టు మణికట్టు దగ్గరికి, తరవాత మోచేతి దగ్గరికి, తరవాత భుజం మీదికి జరగాలి. భుజం మీద మీ వేళ్ళ బరువు తెలిసీ తెలియనట్టు ఉన్న రోజున చెయ్యి తీసి మీ వెనక పెట్టుకోండి. అక్కడ మనసులో పది లెక్కపెట్టాలి, నెమ్మదిగా. నాలుగు దగ్గరే మీ నోరు తెరుచుకోబోతుంది. ఆగండి. చాలామంది ఏడు, ఎనిమిది దగ్గర కదులుతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ టైం కావాలి. కండరం బిగుసుకున్నప్పుడు చెయ్యి లాగితే ఇంకా బిగుస్తుంది, అది వదులయ్యేదాకా పట్టుకుని ఊరుకోవడమే పద్ధతి.

అన్నిటికన్నా వదిలించుకోవడం కష్టమైనది నోటి మాట. 'నొక్కు, ఆ నొక్కు, కిందికి' అని రోజూ అంటుంటే మీ గొంతే పదిహేనో మెట్టైపోతుంది. మీరు ఊరెళ్ళిన రోజు కుక్కరు ముందు నిలబడి ఆ గొంతు కోసం ఎదురుచూస్తాడు. అందుకని చెప్పడం తగ్గించి చూపించడం పెంచండి. చెప్పేదేదో ఇంటిల్లిపాదీ ఒకే మాటలో చెప్పాలి. అమ్మ 'అన్నం పెట్టు' అని, నాన్నమ్మ 'కుక్కరు పడెయ్' అని, నాన్న 'స్విచ్చెయ్' అని అంటే వాడికి అవి మూడు పనులు.

తప్పు చేయబోతుంటే మాట్లాడకుండా చెయ్యి ఆపి, ఒక మెట్టు వెనక్కి తీసుకెళ్ళి అక్కడి నుంచి సరిగ్గా చేయించండి. 'ఇన్నిసార్లు చెప్పానా లేదా' వల్ల మెట్టు రాదు. బాగా చేస్తే చప్పట్లు, 'గుడ్ బాయ్'లు వద్దు, ఎదిగిన మనిషాయన. 'ఇవాళ అన్నం నువ్వే వండావు, పలుకు సరిగ్గా ఉంది' అంటే చాలు. గోదావరి జిల్లాల్లో అరవై ఏళ్ళ సర్పంచిగారిని కూడా చంటిబాబుగారనే పిలుస్తాం కాబట్టి పిలుపు దగ్గర పేచీ లేదు, పేచీ ఆ పిలిచే గొంతు దగ్గరే.

రోజూ మెట్ల కాగితం మీద గుర్తు పెట్టండి: తనే చేస్తే టిక్కు, వేలితో చూపిస్తే 'వే', చెబితే 'మా', చెయ్యి పట్టుకుంటే 'చె'. వారం చివర ఒక మెట్టు దగ్గర అన్నీ 'చె'లే ఉంటే అది వాడి మొండితనం కాదు, మెట్టు పెద్దదైపోయింది. రెండుగా విరగ్గొట్టండి, లేదా వస్తువు మార్చండి. ప్యాంటు జిప్పు దొరక్కపోతే తాళాల రింగు తగిలించండి. గుండీలు రాకపోతే లోపల వెల్క్రో కుట్టించి, గుండీలు పైన అందానికి ఉంచండి. సబ్బు జారిపోతుంటే పాత సాక్సులో వేసి ముడి వేయండి. నిన్నటిదాకా చేసినవాడు ఉన్నట్టుండి చెయ్యనంటే ముందు పన్ను, చెవి, కడుపు చూడండి, నొప్పిని నోటితో చెప్పలేనివాళ్ళు పని మానేసి చెబుతారు.

కొట్టు, డబ్బు

డబ్బు ఇంట్లో అట్టముక్కల మీద నేర్పితే అట్టముక్కలే వస్తాయి. అసలు నోట్లతో, అసలు కొట్టులోనే నేర్పాలి. ముందు రోజు మీరొక్కరే వెళ్ళి కొట్టాయనతో మాట్లాడండి: 'బాబాయ్‌గారూ, రేపట్నుంచి మావాడు వస్తాడండి. వాడొచ్చినప్పుడు మా వంక చూడకండి, ఏం కావాలో వాణ్ణే అడగండి. చిల్లర వాడి చేతిలోనే పెట్టండి.' బళ్ళు వదిలే టైం, సాయంత్రం రద్దీ వద్దు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి.

మొదటి వారం కొట్టులో పక్కనే ఉండండి. తరవాత కొట్టు గుమ్మం మెట్ల కింద, తరవాత రోడ్డుకి ఇవతల, ఆ తరవాత ఇంటి గుమ్మంలో. ప్రతి చోటా మూడు నాలుగు రోజులు పడుతుంది.

కూడికలు రాకపోయినా పదులు లెక్కపెట్టగలిగితే 'ఇంకో పది' పద్ధతి పనికొస్తుంది. ఇరవై మూడు అని వినబడితే రెండు పదులు, పైన ఇంకో పది. ఎప్పుడూ ఎక్కువే ఇస్తాడు, చిల్లర తిరిగి వస్తుంది. అదీ రాకపోతే ఒక వస్తువుకి ఒక పర్సు: పాల పర్సులో పాల డబ్బు, సబ్బు పర్సులో సబ్బు డబ్బు, పర్సు మీద ఆ వస్తువు అట్ట అంటించి.

నోట్లు రంగుతో గుర్తుపట్టించొద్దు. కొత్త ఇరవై పచ్చగా ఉంటుంది, పాత ఇరవై ఎర్రగా ఉంటుంది. కొత్త వంద లేత ఊదా, పాత వంద నీలం. రెండూ చెల్లుతాయి, రెండూ చేతికొస్తాయి. అంకె చూసి వేరుచేయడమే నేర్పండి: ఇంట్లో ఉన్న నోట్లన్నీ కలిపి, అంకె రాసిన గిన్నెల్లో వేయించండి. ఫోన్‌పే నేర్పేటట్టయితే పింఛను పడే ఖాతా దానికి కలపకండి. కొద్ది డబ్బు ఉండే వేరే ఖాతా తెరవండి.

వికలాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకి 6,000 అయింది, నెల మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చిస్తారు. పింఛను వచ్చేవారైతే, ఆ రోజు మీరు చెయ్యి చాపకండి. కాగితం మీద పన్నెండు గళ్ళు గీసి ఉంచండి. ఒక్కో గడిలో ఒక్కో ఐదువందల నోటు పెట్టుకుంటూ పోతే, గళ్ళన్నీ నిండితే డబ్బు సరిపోయినట్టు. ఎవరి డబ్బో వాడికి తెలిసేది అక్కడే.

కాలవ, బస్సు, వరద

గోదావరి డెల్టాలో చాలా రోడ్లు కాలవగట్లే కాబట్టి, నడక నేర్పడమంటే కాలవకి దూరంగా నడవడం నేర్పడమే. వెళ్ళేటప్పుడు కుడి పక్కనున్న కాలవ వచ్చేటప్పుడు ఎడమ పక్కకి వస్తుంది, కనక కుడి ఎడమలు చెప్పొద్దు. 'నీళ్ళకి అవతల పక్క' అన్నదొక్కటే మాట. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. మే నెలలో నేర్పితే అడుగున మట్టి, ఆడుకునే పిల్లలు కనబడతారు, దిగొచ్చని మనసులో పడిపోతుంది. జూన్‌లో నీళ్ళు వదిలిన రోజే తీసుకెళ్ళి చూపించి, నడక మొదటి నుంచి చేయించండి. రేవులో ఒంటరిగా దిగడం ఎవరికీ వద్దు. ఫిట్స్ వచ్చేవాళ్ళకి కాలవ, చెరువు స్నానం అసలు వద్దు, వాళ్ళ బాత్రూం తలుపుకి లోపలి గడియ కూడా తీసేసి, 'లోపల ఉన్నారు' అని తిప్పే అట్ట బయట తగిలించండి.

బస్సుకి, షేర్ ఆటోకి ఊరి పేరు కన్నా దిగే గుర్తు ముఖ్యం: లాకులు, వంతెన, గుడి, పెట్రోలు బంకు. దిగాల్సిన గుర్తుకి ముందు వచ్చే గుర్తు కూడా నేర్పండి, అది కనబడగానే సంచి చేతిలోకి తీసుకోవాలి. జేబులో పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు ఉన్న కార్డు ఉండాలి. తప్పిపోతే ఏం చేయాలో మాటల్లో చెబితే రాదు, చేయించాలి. రావులపాలెం బస్టాండులాంటి చోట మీరు స్తంభం వెనక నిలబడి, వాడు మందుల షాపు కౌంటరు దగ్గరికి వెళ్ళి కార్డు చూపించేదాకా చూడండి. దారినపోయేవాళ్ళని కాదు, కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళని అడగడం నేర్పండి. వాళ్ళు మీకు ఫోన్ చేస్తే ఆ రోజు పాఠం అయినట్టు. పోలీసు, అంబులెన్సు దేనికైనా 112.

గోదావరి పాయల మధ్య దీవుల్లో ఉండే లంక గ్రామాలవాళ్ళకి ఇంకో పాఠం ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరికదాకా ఆగితే ఇంట్లో హడావుడికే వాడు బెదిరిపోతాడు. మొదటిదానికే సంచి సర్దించండి, వాడి చేతే: వారం రోజుల మందులు, కార్డు, సర్టిఫికెట్ల నకళ్ళు, తనకిష్టమైన దుప్పటి. పడవ ఎక్కడం, లైఫ్ జాకెట్టు తొడుక్కోవడం వరదకి ముందే, నీళ్ళు ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు మూడుసార్లు చేయించి ఉండాలి.

నెలసరి

ఇది ఆడవాళ్ళే నేర్పాలి. నెలసరి లేని రోజుల్లో మొదలుపెట్టండి. లోదుస్తు మీద ప్యాడు పెట్టే చోట రంగు దారంతో చుట్టూ కుట్టు వేస్తే ఎక్కడ అంటించాలో కళ్ళకి కనబడుతుంది. కుంకం కలిపిన నీళ్ళు నాలుగు చుక్కలు ప్యాడు మీద వేసి, తీయడం, కాగితంలో చుట్టడం, మూతున్న బుట్టలో వేయడం, చేతులు కడుక్కోవడం చేయించండి. తడి తెలిసినప్పుడు మార్చుకోమంటే కొందరికి తెలియదు, అందుకే టైం పెట్టండి: పొద్దున స్నానానికి, మధ్యాహ్నం భోజనం ముందు, సాయంత్రం, పడుకోబోయే ముందు. ఒంటి మీద ఎవరు చెయ్యి వేయొచ్చు, ఎవరు వేయకూడదు, వద్దంటే ఎలా అరవాలి, ఎవరికి చెప్పాలి అన్నది కూడా దీనితోపాటే, ఇదే మనిషి నేర్పాలి. మగపిల్లలకి గడ్డం గీసుకోవడంతోపాటు, తలుపు వేసుకుని చేసే పనులేవో, వీధిలో చేయకూడనివేవో నాన్న చెప్పాలి. ఇది తెలియదులే అని వదిలేసిన ఇళ్ళలోనే గొడవలొస్తాయి.

కూలి పని

కడియం, కడియపులంక నర్సరీల్లో కవర్లలో మట్టి నింపే పని వీళ్ళలో చాలామందికి సరిపోతుంది: ఒకే కదలిక మళ్ళీ మళ్ళీ, తొందర తక్కువ. చేతికి పట్టు చాలనివాళ్ళకి కవరు మూతికి సరిపడే పీవీసీ గొట్టం ముక్క, జానెడు పొడుగుది, కవర్లో దూర్చి ఇవ్వండి. మగ్గుతో మట్టి పోసి, నేల మీద రెండుసార్లు తట్టి, గొట్టం పైకి లాగాలి. తట్టకపోతే నీళ్ళు పోశాక మట్టి కుంగిపోయి మొక్క వాలుతుంది. పైన రెండు వేళ్ళ ఖాళీ లేకపోతే నీళ్ళు నిలవవు. కూలి మాత్రం మొదటి రోజే మాట్లాడండి. 'కాలక్షేపంగా ఉంటుంది, పంపండి' అనేచోటికి పంపకండి.

కాగితాలు

వైకల్యం నలభై శాతం, ఆపైన అని సర్టిఫికెట్టు ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికిచ్చే జాతీయ గుర్తింపు కార్డు) చేయించండి. పద్దెనిమిది దాటాక అమ్మానాన్నలు చట్టప్రకారం తమంతట తామే సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకులుగా నియమించమని కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. తన డబ్బు, తన సంతకం తాను అర్థం చేసుకోగలిగినవాళ్ళకి దాని అవసరం రాకపోవచ్చు. అదే ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది. పరీక్షలకీ సలహాకీ పెద్ద సంస్థ కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, 1984లో మొదలైన, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉంది.

వచ్చిన పని నిలబెట్టడం

పద్నాలుగు మెట్లూ వచ్చాయి కదా అని కాగితం పారేయకండి. వారానికోసారి పక్కన నిలబడి గుర్తులు పెట్టండి. జ్వరం వచ్చి లేచాక, పుట్టింటికో పెళ్ళికో వెళ్ళి పదిరోజులకి తిరిగొచ్చాక కొన్ని మెట్లు జారతాయి. మొదటి నుంచి మొదలుపెట్టొద్దు. జారిన మెట్టుకి రెండు మెట్ల ముందు నుంచి అందుకోండి, సాధారణంగా వారంలోపే తిరిగొస్తాయి. కుక్కరు పాడైతే అదే కంపెనీ, అదే రకం కొనండి. వేరేది కొనాల్సి వస్తే పాత కుక్కరు మీట మీది ఎర్ర స్టిక్కరు లాంటిదే కొత్తదాని మీద అంటించాకే వాడికి చూపించండి.